ల్యాప్‌టాప్‌కు అదనపు వారంటీ: కొనాలా, వద్దా?

ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ ముగిసి కాలేజీలు తెరిచే రోజుల్లో మన ఊళ్లలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలు కిటకిటలాడతాయి. తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. రెండు మూడు షాపులు తిరిగి, ప్రాసెసర్ గురించీ ర్యామ్ గురించీ తెలిసినవాళ్లకు ఫోన్ చేసి అడిగి, చివరకు ఒక ల్యాప్‌టాప్ ఖాయం చేసుకుంటారు. యాభై అరవై వేల రూపాయలు పెడుతున్నప్పుడు ఆ మాత్రం విచారణ సబబే. అయితే బిల్లు కొట్టే సమయానికి ఇంకో ప్రశ్న ఎదురవుతుంది. కంపెనీ ఇచ్చేది ఏడాది వారంటీయే, మరో ఐదారు వేలు కడితే ఇంకో రెండేళ్లు పొడిగిస్తాం, తీసుకుంటారా అని అడుగుతారు. వస్తువును ఎంచుకోవడానికి పూటంతా తిరిగిన మనిషి ఈ ఐదారు వేల సంగతి అర నిమిషంలో తేల్చేయాల్సి వస్తుంది. వెనక బిల్లు కోసం మరో నలుగురు నిలబడి ఉంటారు. ఈ విషయంలో నా అభిప్రాయం ముందే చెబుతాను. చాలా కుటుంబాలకు ఆ పొడిగింపు అక్కర్లేదు. అక్కర ఉన్న కుటుంబాలకు కూడా కౌంటరు దగ్గర మామూలుగా అమ్మే ప్లాను పనికొచ్చేది కాదు. ఎందుకో వివరిస్తాను.

ముందు ఆ కాగితంలో ఏముందో చూడాలి. వారంటీ అంటే, తయారీలో ఉన్న లోపం వల్ల వస్తువు పాడైతే బాగుచేసి ఇస్తామన్న హామీ. ఎక్స్‌టెండెడ్ వారంటీలో ఉండేదీ అదే హామీ, కాకపోతే గడువు పెరుగుతుంది. చేయి జారి కింద పడటం, కీబోర్డు మీద టీ ఒలకడం, తెర పగలడం, కరెంటు హెచ్చుతగ్గులకు బోర్డు కాలిపోవడం, దొంగతనం, ఇవేవీ సాధారణంగా ఇందులోకి రావు. పడిపోవడానికీ నీళ్లు పడటానికీ యాక్సిడెంటల్ డ్యామేజ్ పేరుతో వేరే ప్లాను ఉంటుంది, దాని ధర వేరు. బ్యాటరీ సంగతి ఇంకా ముఖ్యం. వాడేకొద్దీ అరిగిపోయే వస్తువుగా దాన్ని లెక్కగడతారు కాబట్టి, మీరు మూడేళ్ల ప్లాను తీసుకున్నా చాలా కంపెనీలు బ్యాటరీకి మొదటి ఏడాది వరకే పూచీ ఇస్తాయి. మూడో ఏడు వచ్చేసరికి ల్యాప్‌టాప్‌లో కచ్చితంగా నీరసించేది ఆ బ్యాటరీయే. ఇక లోపల దాచుకున్న ప్రాజెక్టు ఫైళ్లకూ ఫొటోలకూ ఏ వారంటీ పూచీ పడదు. బాగుచేయడానికి తీసుకెళ్లిన యంత్రం డేటా చెరిగిపోయి తిరిగి రావచ్చునని షరతుల్లో రాసే ఉంటుంది. కొనేవాళ్ల మనసులో ఉన్న భయాలు ఒకవైపు, కాగితం పూచీ ఇచ్చే నష్టాలు మరోవైపు ఉంటాయి. నా వాదనకు పునాది ఈ తేడాయే.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ల్యాప్‌టాప్‌లు ఎంత తరచుగా పాడవుతాయి? 2009లో అమెరికాలో స్క్వేర్‌ట్రేడ్ అనే సంస్థ 30 వేలకు పైగా కొత్త ల్యాప్‌టాప్‌ల వివరాలు పరిశీలించి ఒక నివేదిక ఇచ్చింది. మూడేళ్లలో 31 శాతం యంత్రాలకు ఏదో ఒక నష్టం జరుగుతుందని అందులో అంచనా వేశారు. అందులో 20.4 శాతం యంత్రంలోనే వచ్చిన లోపాలు, 10.6 శాతం కిందపడటం, నీళ్లు పడటం వంటి ప్రమాదాలు. ఆ సంస్థ వ్యాపారమే వారంటీలు అమ్మడం. కాబట్టి ప్రమాదాన్ని తగ్గించి చూపాల్సిన అవసరం దానికి లేదు. ఆ అంకెనే పట్టుకుని మనం లెక్క వేద్దాం. నూరు మంది తలా ఆరు వేలు పెట్టి రెండో ఏడాదికీ మూడో ఏడాదికీ వారంటీ కొన్నారనుకోండి. మొత్తం ఆరు లక్షలు. మూడేళ్లలో నూటికి ఇరవై యంత్రాల్లో లోపాలు వస్తాయంటే, వాటిలో మొదటి ఏడాది వచ్చేవి కంపెనీ ఎలాగూ ఉచితంగా చేసిపెడుతుంది. మిగతా రెండేళ్లకు పదిహేను ఉంటాయనుకుందాం. సగటున ఒక్కో రిపేరుకు పది వేలు అయితే లక్షన్నర. ఇది తక్కువ చేసి చెప్పడమని మీకనిపిస్తే, ఆ పదిహేనింటిలోనూ మదర్‌బోర్డే పోయిందనీ, ఒక్కోదానికి ఇరవై ఐదు వేలు అయిందనీ అనుకుందాం. అప్పటికీ అయ్యేది మూడు లక్షల డెబ్బై ఐదు వేలే. ఇంకా రెండు లక్షల ఇరవై ఐదు వేలు మిగిలే ఉంటాయి. ఆరు వేల ప్లాను కొన్నవాళ్ల డబ్బు వాళ్లకే పూర్తిగా తిరిగి రావాలంటే రెండేళ్లలో నూటికి ఇరవై నాలుగు ల్యాప్‌టాప్‌ల మదర్‌బోర్డులు పోవాలి. పదిహేను, పది వేలు, ఇరవై ఐదు వేలు అన్నవి నేను వాదన కోసం పెట్టుకున్న అంకెలు. మీరు కొనే మోడల్‌కు బోర్డు ఎంతో, ప్లాను ఎంతో కనుక్కుని ఈ లెక్కే ఇంట్లో వేసుకోండి.

2009 నాటి అంకెలు ఇప్పటి యంత్రాలకు ఎలా వర్తిస్తాయని అడగవచ్చు. సరైన ప్రశ్నే. అప్పటి ల్యాప్‌టాప్‌లలో గిరగిర తిరిగే హార్డ్ డిస్క్ ఉండేది. చిన్న కుదుపుకే దెబ్బతినే భాగం అది. దాని స్థానంలో ఇప్పుడు కదిలే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డీ వచ్చింది. ఆ మేరకు యంత్రం గట్టిపడింది. మరోవైపు యంత్రాలు పలచబడ్డాయి. ర్యామ్‌ను, కొన్నిటిలో స్టోరేజీని కూడా మదర్‌బోర్డుకే అతికించేస్తున్నారు. అలాంటివాటిలో వెయ్యి రెండు వేల రూపాయల చిప్ పోయినా కంపెనీ సర్వీస్ సెంటర్ బోర్డు మొత్తం మార్చాలంటుంది. ఇది నిజమైన ఇబ్బందే, నా వాదనను కొంత బలహీనపరిచేదే. అందుకే పైన అన్నీ మదర్‌బోర్డు కేసులే అనుకుని కూడా లెక్క వేసి చూపించాను. ఇంకో సంగతి ఏమిటంటే, కంపెనీ సర్వీస్ సెంటర్ చెప్పిన ధరే ఆఖరు ధర కాదు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల బోర్డు మార్చకుండా చెడిపోయిన చిప్ ఒక్కటే తీసి కొత్తది అతికించే పనివాళ్లున్నారు. చిప్ లెవెల్ సర్వీస్ అంటారు దాన్ని. వారంటీ గడువులో ఉన్న యంత్రాన్ని వాళ్ల చేత విప్పిస్తే ఆ వారంటీకే చిక్కు రావచ్చు. గడువు తీరిన యంత్రానికి ఆ చిక్కు లేదు. వారంటీ ముగియగానే మనం నిస్సహాయులమైపోతామన్న భయం అమ్మకానికి పనికొస్తుంది గానీ, మన దేశపు రిపేరు బజారును చూస్తే ఆ భయానికి అంత ఆధారం కనిపించదు.

యంత్రాలు చెడే కాలానికి కూడా ఒక తీరు ఉంది. ఇంజనీర్లు దాన్ని బాత్‌టబ్ కర్వ్ అంటారు. తయారీలో దొర్లిన లోపాలు మొదటి నెలల్లోనే బయటపడతాయి. తర్వాత చాలాకాలం లోపాలు తక్కువగా, ఒకే స్థాయిలో ఉంటాయి. భాగాలు అరిగిపోయే వయసు వచ్చాక మళ్లీ పెరుగుతాయి. మొదటి గడ్డుకాలాన్ని కంపెనీ ఉచిత వారంటీ చాలావరకు కాస్తుంది. అరుగుదల వల్ల వచ్చే లోపాల్లో పెద్దభాగం, అంటే బ్యాటరీ నీరసించడం, మూత తెరిచి మూసే హింజ్ వదులవడం, కీల మీద అక్షరాలు చెరగడం వంటివి, అరుగుదల అన్న పేరు మీదే షరతుల్లోంచి తప్పిస్తారు. అంటే మనం డబ్బు పెట్టి కొనే రెండేళ్లు ఆ గీతలో దాదాపు అట్టడుగున ఉన్న భాగం. చెడిపోయే అవకాశం తక్కువగా ఉన్న కాలానికే ఎక్కువ ధర కడుతున్నాం.

అయినా మనసు ఒప్పుకోదు. 1979లో డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన ఈ సంగతి వివరిస్తుంది. జరిగే అవకాశం తక్కువగా ఉన్న నష్టాన్ని మనుషులు అసలు కంటే పెద్దదిగా ఊహించుకుంటారని వాళ్లు చూపించారు. ఆ పనికి సంబంధించే కానెమన్‌కు 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. దుకాణంలో ఈ బలహీనతకు ఇంకోటి తోడవుతుంది. అప్పుడే యాభై ఐదు వేలు ఒప్పుకున్న చేతికి ఐదు వేలు చిన్నగా కనిపిస్తాయి. అదే ఐదు వేలు మరో రోజు విడిగా అడిగితే పదిసార్లు ఆలోచించేవాళ్లం.

నిశ్చింతకు కూడా ఒక ధర ఉంటుంది కదా, ఆ ధర కడితే తప్పేమిటి అని కొందరంటారు. ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోను. ఇంటికి దూరంగా హాస్టల్లో ఉన్న బిడ్డ యంత్రం పాడైతే ఏం చేస్తుందో అన్న ఆందోళన తల్లిదండ్రులకు ఉండటం సహజం. కానీ ఆ ఆందోళన దేని గురించో చూడండి. పై బంక్ మీంచి కిందపడుతుందేమో, సంచిలో నీళ్ల సీసా కారుతుందేమో, బస్సులో ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్నవే ఆ భయాలు. వీటిలో ఒక్కదానికీ మామూలు ఎక్స్‌టెండెడ్ వారంటీ జవాబు చెప్పదు. ప్రమాదం జరిగిన రోజున సర్వీస్ సెంటర్ కౌంటరు దగ్గర, ఇది ఫిజికల్ డ్యామేజ్ అండీ, కవర్ కాదు అన్న మాట విన్నప్పుడు, డబ్బుతో పాటు కొనుక్కున్నామనుకున్న నిశ్చింత కూడా పోతుంది. నిశ్చింత కోసమే కొనేటట్లయితే మీరు భయపడే నష్టానికే పూచీ ఉన్న కాగితం కొనాలి.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికంటే బరువైనది మరొకటి. సగటు లెక్కలు అమ్మే సంస్థకు సరిపోతాయి, దాని దగ్గర వేల యంత్రాలున్నాయి కాబట్టి. ఒక్క యంత్రమే ఉన్న కుటుంబానికి సగటు ఏం ఓదార్పునిస్తుంది? నెలజీతం మీద ఈఎంఐ కడుతూ కొన్న ల్యాప్‌టాప్ పరీక్షల ముందు ఆగిపోతే, ఒక్కసారిగా పాతిక వేలు ఎక్కడి నుంచి తేవాలి? నాకు ఇది న్యాయమైన అభ్యంతరంగా కనిపిస్తుంది. బీమా అసలు ఉద్దేశమే ఇది. భరించలేని నష్టానికి బీమా చేయాలి. బాధ కలిగించినా భరించగలిగే నష్టానికి అక్కర్లేదు. ఆస్పత్రి ఖర్చు ఇంటిని అప్పులపాలు చేయగలదు కాబట్టి ఆరోగ్య బీమా, ఇంటికి ఆధారమైన మనిషి పోతే కుటుంబం నిలబడాలి కాబట్టి జీవిత బీమా. ల్యాప్‌టాప్ రిపేరు ఖర్చు చాలా ఇళ్లలో ఆ కోవలోకి రాదు. కొన్ని ఇళ్లలో వస్తుంది. వచ్చే ఇళ్లకు నేను వద్దని చెప్పను. ఆ ఇంట్లో కూడా కంపెనీవాళ్లే స్వయంగా ఇచ్చే ప్లాను, అందులోనూ యాక్సిడెంటల్ డ్యామేజ్ కలిసి ఉన్నది చూసుకోమంటాను. రోజూ సంచిలో వేసుకుని బస్సులో తిరిగే విద్యార్థి విషయంలో ప్రమాదం అవకాశం ఎక్కువ. తెర మార్చడానికి అయ్యే ఖర్చూ తక్కువ కాదు. అలాంటి ప్లానులోనూ ప్రతి క్లెయిమ్‌కు మనం కొంత కట్టాల్సి ఉంటుందా, ఏడాదికి ఎన్నిసార్లు ఒప్పుకుంటారు అన్నవి చూసుకోవాలి.

కంపెనీ ప్లానుకూ దుకాణం ప్లానుకూ తేడా ఎంత ఉంటుందో చాలామంది గమనించరు. దుకాణాల్లో, ఆన్‌లైన్ సైట్లలో అమ్మే ప్లాన్లు చాలావరకు వేరే సంస్థలు నడిపేవి. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ఆ సంస్థే రేపు మనకు జవాబు చెప్పాల్సింది. యంత్రాన్ని ఎవరి దగ్గర బాగుచేయిస్తారో, అసలు విడిభాగాలే వేస్తారో, ఇన్ని గంటల్లోగా చెప్పకపోతే క్లెయిమ్ చెల్లదన్న షరతు ఉందో లేదో అందులోనే ఉంటుంది. బాగుచేయడం కుదరకపోతే చాలా ప్లాన్లలో కొన్న ధర తిరిగి రాదు, తరుగుదల పోగా మిగిలిందే ఇస్తారు. కొన్నిసార్లు అదీ డబ్బుగా ఇవ్వరు, కూపన్‌గా ఇస్తారు. ఊరి సంగతి కూడా ఉంది. ఇంటికొచ్చి బాగుచేస్తామన్న ఆన్‌సైట్ సేవ హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో దొరికినంత సులువుగా పాడేరులోనో ఉట్నూరులోనో దొరకదు. మీ పిన్‌కోడ్‌కు ఆ సేవ ఉందో లేదో కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు, కస్టమర్ కేర్‌ను అడగవచ్చు. లేకపోతే మీరు కొంటున్న సేవకు ప్రతిసారీ బస్సు చార్జీలు, ఒక రోజు పని అదనం. అమెరికా నుంచి అన్నయ్యో అక్కయ్యో తెచ్చిన ల్యాప్‌టాప్‌ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. కొన్ని కంపెనీల వారంటీ ఇక్కడా చెల్లుతుంది, కొన్నిటిది చెల్లదు. అక్కడి దుకాణం అమ్మిన పొడిగింపు ప్లానుతో ఇక్కడ పని జరగడం అరుదు. అలా తెప్పించుకునేవాళ్లు ఆ డబ్బు అక్కడ కట్టించకపోవడమే మంచిది.

వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా కనిపించేది, ఈ నిర్ణయానికి తొందర లేదన్న సంగతి. ఏడాది వారంటీ చేతిలో ఉంది. చాలా పెద్ద కంపెనీలు ఆ ఏడాది ముగిసేలోగా ఎప్పుడైనా పొడిగింపు కొనుక్కోనిస్తాయి. కొన్నిటికి మాత్రం కొన్న కొద్ది రోజుల్లోనే తీసుకోవాలన్న షరతు ఉంటుంది, ప్రమాదాలకు పూచీ ఉన్న ప్లాన్లకు ఇది మరీ ఎక్కువ. ఆ గడువు ఎంతో కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ పేరు మీద చూసుకోండి. ఆగడం వల్ల మనకు వచ్చే లాభం సమాచారం. పదో నెలకల్లా యంత్రం వేడెక్కుతోందా, ఫ్యాను చప్పుడు చేస్తోందా, ఒకటికి రెండుసార్లు సర్వీస్ సెంటర్‌కు వెళ్లాల్సి వచ్చిందా అన్నది మనకే తెలుస్తుంది. కంపెనీకి తెలియని సంగతి అది. ధర అందరికీ ఒకటే కాబట్టి, ఇబ్బంది పెడుతున్న యంత్రం ఉన్నవాళ్లకు అప్పుడు పొడిగింపు నిజంగా లాభసాటి. ఇబ్బంది పెట్టని యంత్రం ఉన్నవాళ్లు ఆ ఆరు వేలు మిగుల్చుకోవచ్చు. ఆగితే ధర కొంచెం పెరగవచ్చు. కానీ ఏమీ తెలియకుండా మొదటి రోజే కట్టడం కంటే, అంతా తెలిశాక కాస్త ఎక్కువ కట్టడమే నాకు తెలివైన పనిగా అనిపిస్తుంది. మిగుల్చుకున్న డబ్బు ఎక్కడ నిలుస్తుంది, ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది అనేవాళ్లు నెలకు 250 రూపాయలతో బ్యాంకులో రెండేళ్ల రికరింగ్ డిపాజిట్ తెరవవచ్చు. ఆరు వేలూ, పైన వడ్డీ. రిపేరు వస్తే దానికి, రాకపోతే కొత్త బ్యాటరీకి. ఆ డబ్బును ప్రమాదానికైనా దొంగతనానికైనా అరుగుదలకైనా వాడుకోవచ్చు, ఏ షరతులూ అడ్డు రావు.

కొన్నాక తగాదా వస్తే మన చేతిలో చట్టం ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమల్లో ఉంది. బిల్లు ఇవ్వకపోవడం, వారంటీ గురించి తప్పుదోవ పట్టించే మాటలు చెప్పడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులు. మనం ఉన్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. కొన్న వస్తువు విలువ ఐదు లక్షల లోపైతే రుసుము లేదు. కారణం ఏర్పడిన రెండేళ్లలోగా వేయాలి. 1915 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే సలహా అడగవచ్చు. ఆన్‌లైన్‌లో అడగకుండానే బుట్టలో వారంటీ ప్లాను చేర్చేయడాన్ని 2023 నవంబరులో కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు నిషేధించాయి. డబ్బు కట్టే ముందు మొత్తం ఒకసారి సరిచూసుకుంటే అలాంటిది కనిపిస్తుంది. దుకాణంలో సేల్స్ కుర్రాడు నీళ్లు పడినా కవర్ అవుతుందని చెబితే, ఆ మాట కాగితం మీద చూపించమనండి. అతన్ని అనుమానించాలని కాదు. అతని మాట రేపు కమిషన్ ముందు నిలబడదు, కాగితం నిలబడుతుంది.

చట్టం ఇంకా చేయాల్సింది కూడా ఉంది. బ్రిటన్‌లో 2003లో కాంపిటీషన్ కమిషన్ ఈ వ్యాపారం మీద విచారణ జరిపి, వస్తువు కొనే చోటే వారంటీని కూడా అమ్మడం వల్ల అక్కడ పోటీ సరిగా లేదని తేల్చింది. దాని మీద 2005లో ఒక ఉత్తర్వు వచ్చింది. గృహ విద్యుత్ ఉపకరణాల దుకాణాల్లో వస్తువు ధర పక్కనే వారంటీ ధర కూడా కనిపించేలా పెట్టాలి. అడిగినవాళ్లకు 30 రోజులు చెల్లే కొటేషన్ రాసివ్వాలి. కొన్నాక క్లెయిమ్ ఏదీ చేయకపోతే 45 రోజుల్లోగా రద్దు చేసుకుని మొత్తం డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఇక్కడ కూడా ఇలాంటి నిబంధన రావాలి. వస్తే కౌంటరు దగ్గర ఆ అర నిమిషపు ఒత్తిడి చాలావరకు తగ్గుతుంది. వినియోగదారుల సంఘాలు కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖను ఈ విషయం గట్టిగా అడగాలి. అది వచ్చేదాకా ఆ గడువును మనకు మనమే ఇచ్చుకోవచ్చు. ప్లాను షరతుల కాగితం అడిగి ఇంటికి తెచ్చుకుని, ఇంట్లో అందరూ కలిసి చదివి, అప్పుడు తేల్చుకోండి. ఆ కాగితం ఇవ్వడానికి దుకాణం ఒప్పుకోకపోతే ఆ ప్లాను కొననక్కర్లేదు.